డబ్బా చిన్నదైంది

2012 ఆగస్టు. టాంపాలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్. మధ్యాహ్నం ఎండకి తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. నేనూ మా రూమ్మేటూ ఒక కారు వెనక టేపు పట్టుకుని నిలబడ్డాం. కారు వాడిది. ఎనిమిదేళ్ల పాత నిస్సాన్ 350జెడ్. ఇంటర్న్‌షిప్‌లో మిగిలిన డబ్బంతా దాని మీదే పెట్టాడు. ఇప్పుడు దాని వెనక రెండు పన్నెండంగుళాల సబ్‌వూఫర్లు పట్టించాలంటాడు.

"వెడల్పు ముప్ఫై ఆరు, ఎత్తు పద్నాలుగు, లోతు పన్నెండు. సరిపోద్దా బావా?"

"లెక్క నాకొదిలెయ్," అన్నాను. ఎమ్‌ఎస్ చదువుతున్నవాణ్ణి, డబ్బా ఘనపరిమాణం కట్టలేనా అని ధీమా.

ఆ లెక్క తప్పింది. ఎలా తప్పిందో తర్వాత చెప్తాను. అది ఎందుకు తప్పిందో తెలుసుకోబోయి చదవడం మొదలుపెట్టిన చరిత్ర నన్ను ఇంకెక్కడెక్కడికో తీసుకెళ్లింది. ఈ వ్యాసం దాని గురించి.

ముందు ఆ కారు సంగతి. స్పోర్ట్స్ కారంటే ప్రతి కిలో బరువుకీ లెక్క చెప్పాల్సిన బండి. 1970 మోడల్‌గా అమెరికా మార్కెట్లోకి వచ్చిన డాట్సన్ 240జెడ్ ఆ లెక్క బాగా తెలిసిన కారు. ఇద్దరికి సీట్లు, పొడుగాటి ముక్కు, వెనక అద్దంతో సహా పైకి లేచే తలుపు. 2002లో వచ్చిన 350జెడ్ దాని వారసురాలు. దీని వెనక తలుపు ఎత్తితే ముందు కనపడేది సామాన్ల చోటు కాదు. ఆ చోటుకి అడ్డంగా, ఈ పక్క నుంచి ఆ పక్కకి బిగించిన లావుపాటి లోహపు కడ్డీ. మలుపుల్లో బాడీ మెలి తిరగకుండా పెట్టిన బ్రేస్ అది. దాంతో సూట్‌కేసు పెట్టడం కూడా కష్టమే. మొత్తం చోటు ఏడు ఘనపుటడుగుల లోపే. డిజైన్ చేసినవాళ్లు సామానుకీ, బిగువుకీ మధ్య బిగువునే ఎంచుకున్నారు.

బోస్ సిస్టమ్‌తో వచ్చిన మోడళ్లలో కంపెనీయే పదంగుళాల సబ్‌వూఫర్ ఒకటి డ్రైవర్ సీటు వెనక ఇరికించింది. కనపడదు, చోటు తినదు. మావాడికి అది చాల్లేదు. ఇంజనీర్లు అంత జాగ్రత్తగా మిగిల్చిన ఏడు ఘనపుటడుగుల్లో సగం, చెక్క డబ్బాతో నింపేస్తానంటాడు. డబ్బా, స్పీకర్లు, యాంప్లిఫయర్ అన్నీ కలిపి నలభై కిలోల పైమాటే. తేలిక కోసం కొన్న బండికి ఇంత బరువెందుకు?

మామూలు స్పీకరు డబ్బా లేకుండా కూడా కూస్తుంది. సబ్‌వూఫర్ అలా కాదు. కోను ముందుకి తోసినప్పుడు వెనక గాలి పలచబడుతుంది. డబ్బా లేకపోతే ముందు గాలి చుట్టూ తిరిగి వెనక్కి పోయి, రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. అందుకే వెనక గాలిని బంధించాలి. ఎంత గాలిని బంధించాలన్నదే అసలు ప్రశ్న.

1954కి ముందు దీనికి జవాబు బీరువా. లోతైన బేస్ కావాలంటే బీరువా అంత డబ్బా కావాల్సిందే. ఆ ఏడాది ఎడ్గార్ విల్చర్, తన దగ్గర చదువుకున్న హెన్రీ క్లాస్‌తో కలిసి, మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టాడు. ఆయన ఉపాయం చాలా సాదా. కోనుని పట్టి ఉంచే స్ప్రింగు గట్టిగా ఎందుకుండాలి? దాన్ని వదులు చేసి, డబ్బాలో మూసేసిన గాలినే స్ప్రింగుగా వాడుకోవచ్చు కదా. పుస్తకాల అరలో పట్టే స్పీకరు నుంచి పెద్ద బేస్ వచ్చింది. దాంతో పాటు ఒక ఇబ్బందీ వచ్చింది. దాన్ని మోగించడానికి అంతకుముందుకన్నా చాలా ఎక్కువ పవర్ కావాలి.

1957లో క్లాస్, మాల్కమ్ లో, ఆంటన్ హాఫ్‌మన్ విడిగా కేఎల్‌హెచ్ పెట్టారు. పేరులో చివరి అక్షరం హాఫ్‌మన్‌ది. ఈ రంగంలో అందరూ హాఫ్‌మన్ ఐరన్ లా అని చెప్పుకునే సూత్రం ఆయన పేరు మీదే ఉంది. చిన్న డబ్బా, లోతైన బేస్, తక్కువ పవర్ ఈ మూడింటిలో రెండే దక్కుతాయి. మూడోది వదులుకోవాలి. స్పీకరు సామర్థ్యం, డబ్బా ఘనపరిమాణాన్ని అది దిగగలిగే ఫ్రీక్వెన్సీ ఘనంతో గుణించినదానికి అనులోమంగా ఉంటుంది. అంటే 60 హెర్ట్జ్ దగ్గర ఆగే స్పీకరు 30 దాకా దిగాలంటే డబ్బా ఎనిమిదింతలు కావాలి. డబ్బా పెంచనంటే పవర్ ఎనిమిదింతలు పొయ్యాలి. ఆంటన్ వాళ్ల నాన్న జోసెఫ్ హాఫ్‌మన్, ఆ కాలంలో ప్రపంచమంతా తెలిసిన పియానో విద్వాంసుడు. ఖాళీ టైములో ఆయన తీసుకున్న పేటెంట్లలో కార్ల షాక్ అబ్జార్బర్లవీ ఉన్నాయి. కారు కుదుపు తగ్గించాలని తండ్రి తాపత్రయం. కారుని కుదిపే కుర్రాళ్లందరూ తల వంచాల్సిన సూత్రం కొడుకుది.

ఈ సూత్రాన్ని సినిమావాళ్లు ఒకలా తేల్చుకున్నారు. వాళ్లకి చోటు సమస్య కాదు. 1974లో 'ఎర్త్‌క్వేక్' సినిమాకి సెన్సరౌండ్ పేరుతో హాళ్లలో పెద్ద పెద్ద హారన్ స్పీకర్లు దించి, చెవికంటే ఒంటికి ఎక్కువ తెలిసే శబ్దం వేశారు. హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్‌లో పైకప్పు పెచ్చులు రాలి ప్రేక్షకుల మీద పడకుండా వల కట్టారు.

కారు పరిస్థితి దీనికి సరిగ్గా ఎదురు. చోటు లేదు. చాలాకాలం పవరూ లేదు. 1930లో పాల్ గాల్విన్ అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సమావేశానికి, కార్లో బిగించిన తన రేడియో మోగించుకుంటూ వెళ్లాడు. మోటరోలా అన్న పేరు పుట్టింది దానికే. అది కబుర్లు వినడానికి, పాట పోల్చుకోవడానికి చాలు. ఆ తర్వాత దశాబ్దాలపాటు కారు సంగీతం అంటే అంతే. కారణం బ్యాటరీ. 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలించిన యాంప్లిఫయర్ 4 ఓమ్‌ల స్పీకర్లోకి, ఓమ్ సూత్రం ప్రకారం, నాలుగున్నర వాట్లకి మించి ఇవ్వలేదు. రెండు యాంప్లిఫయర్లు ఎదురెదురుగా కట్టినా పద్దెనిమిదే. దీంతో ఐరన్ లాని ఎదిరించడం కుదరని పని.

దారి అరిజోనాలో దొరికింది. 1973లో జిమ్ ఫాస్‌గేట్ కారు కోసమే ఒక యాంప్లిఫయర్ తయారుచేశాడు. రాక్‌ఫర్డ్ ఫాస్‌గేట్ అన్న కంపెనీ పేరులో ఉన్నది ఆయనే. ఆ రోజుల్లో ఎదిగిన ఈ తరహా యాంప్లిఫయర్లు బ్యాటరీ వోల్టేజీని ముందు పైకి లేపి, ఆ తర్వాత శబ్దంగా మార్చాయి. పద్దెనిమిది వాట్ల గోడ కూలింది. దాదాపు అదే కాలంలో ఇంకో మూల ఇంకో పని జరిగింది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో రాసిన పేపర్‌ని, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ పెద్దది చేశాడు. ఒక స్పీకరు గురించి కొన్ని అంకెలు తెలిస్తే చాలు, ఏ సైజు డబ్బాలో ఎలా మోగుతుందో ముందే చెప్పెయ్యొచ్చు. పెద్ద కంపెనీ ల్యాబుల్లో అనుభవంతో చేసే పని, క్యాలిక్యులేటర్, రంపం ఉన్న ఎవరికైనా అందింది. గరాజులో డబ్బా కోసుకునే కుర్రాడికి లైసెన్సు ఇచ్చిన పేపర్లవి.

పవర్ వచ్చింది, లెక్క వచ్చింది. ఏం మోగించాలి?

1980లో జపాన్ కంపెనీ రోలాండ్, టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ అమ్మకానికి పెట్టింది. ధర 1,195 డాలర్లు. అసలు డ్రమ్ములా వినపడట్లేదని కొనేవాళ్లు పెదవి విరిచారు. సుమారు పన్నెండు వేల మెషీన్లు చేసి 1983లో ఆపేశారు. ఆ తర్వాత సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికాయి. అందులో బేస్ డ్రమ్ముకి ఒక నాబ్ ఉంది. దాన్ని తిప్పితే 'ఢబ్' అని ఆగిపోవాల్సిన దెబ్బ 'ఢూఁ...' అని సాగుతుంది. దాదాపు 50 హెర్ట్జ్ దగ్గర, గుడిగంట మోగాక మిగిలే గునుపులా. చిన్న స్పీకర్లో అది వినపడనే వినపడదు. దాన్ని వినాలంటే సబ్‌వూఫర్ కావాలి. మయామీ కుర్రాళ్లు ఆ నాబ్‌ని చివరిదాకా తిప్పారు. 1980ల మధ్యలో మయామీ బేస్ అన్న సంగీతం అలా పుట్టింది.

ఎందుకు మయామీలోనే అంటే, కొంత కథ వెనక్కి వెళ్లాలి. 1960ల్లో ఐ-95 హైవేని ఓవర్‌టౌన్ అనే నల్లవాళ్ల పేట మధ్యలోంచి వేశారు. ఇళ్లు, కొట్లు, సంగీతం వినిపించే క్లబ్బులు పోయాయి. చాలామంది లిబర్టీ సిటీ లాంటి చోట్లకి చెదిరిపోయారు. 1979 డిసెంబర్‌లో ఆర్థర్ మెక్‌డఫీ అనే నల్లజాతి ఇన్సూరెన్స్ ఉద్యోగి మోటార్‌సైకిల్ మీద వెళ్తుంటే పోలీసులు వెంటాడి, పట్టుకుని కొట్టారు. చనిపోయాడు. కేసు విచారణని మయామీ నుంచి టాంపాకి మార్చారు. 1980 మేలో, అందరూ తెల్ల మగవాళ్లే ఉన్న జ్యూరీ పోలీసులు నిర్దోషులంది. లిబర్టీ సిటీ తగలబడింది. పద్దెనిమిది మంది చనిపోయారు.

ఆ పేటల్లో పార్కుల్లో, ఖాళీ స్థలాల్లో సొంతంగా కట్టుకున్న స్పీకర్ల గుట్టలతో డీజేలు పాటలు వేసేవాళ్లు. తర్వాత టూ లైవ్ క్రూతో పేరు, గొడవలు రెండూ సంపాదించిన లూథర్ క్యాంప్‌బెల్ మొదట అలాంటి డీజేనే. పార్కులో గుట్టగా పేర్చినదే, డబ్బు చేతికొచ్చాక కార్లోకి వచ్చింది. ఇక్కడ కారు ప్రయాణ సాధనం మాత్రమే కాదు. హాలు లేనివాడి హాలు. కొన్నేళ్లకి పాటల కోసం బేస్ కాక, బేస్ కోసమే పాటలు చేసే ఆల్బమ్‌లు వచ్చాయి. 1991లో వచ్చిన టెక్‌మాస్టర్ పీఈబీ వాళ్ల 'బేస్ కంప్యూటర్' అలాంటిది. సబ్‌వూఫర్లకి ప్రపంచమంతా పేరున్న జేఎల్ ఆడియో ఎదిగింది కూడా మయామీ పక్కనున్న మిరమార్‌లోనే. ఒక్కో కారు మూలకి అచ్చుపోసినట్టు సరిపోయే ఫైబర్‌గ్లాస్ డబ్బాలు వాళ్లే అమ్ముతారు. చోటు లేని స్పోర్ట్స్ కార్లవాళ్లకి అవి వరం. ధర మాత్రం మా ఇద్దరి ఒక నెల అద్దె దాటేది. అందుకే మేం చెక్క కొనుక్కున్నాం.

మాకు సాయం చేసింది మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ చూసే ఆయన. యాభైకి దగ్గర పడ్డ మనిషి. మా తంటాలు రెండు రోజులు చూసి మూడో రోజు తన జిగ్‌సా తెచ్చిచ్చాడు. కుర్రతనంలో మయామీలో కారు స్టీరియో షాపులో పనిచేశాడట. మేం డబ్బా బిగించి, స్క్రూలు కొట్టి, పాట పెట్టాం. ఢమఢమలాడింది. మావాడి మొహం వెలిగిపోయింది. ఆయన డబ్బా మీద అరచెయ్యి పెట్టి కాసేపు విన్నాడు.

"డబ్బా చిన్నదైంది. అన్నీ ఒకే నోటులా వస్తున్నాయి. బయట కొలతలతో లెక్క కట్టారా ఏంటి?"

అక్షరాలా అదే చేశాను. 36, 14, 12 అంగుళాలు గుణిస్తే మూడున్నర ఘనపుటడుగులు. కానీ చెక్క మందం ముప్పావు అంగుళం, అన్ని వైపులా. లోపలి కొలతలు 34.5, 12.5, 10.5. అంటే 2.6. మధ్య అడ్డుచెక్క, రెండు స్పీకర్ల అయస్కాంతాలు తీసేస్తే 2.4 కూడా లేదు. మూడోవంతు గాలి కాగితం మీదే ఆవిరైపోయింది. డబ్బాలో గాలి తగ్గితే ఆ గాలి స్ప్రింగు బిగుసుకుంటుంది. కోను దాని ఇష్టమొచ్చిన ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గరే ఎగిరెగిరి పడుతుంది. ఐరన్ లాని పుస్తకంలో చదివినవాణ్ణి, అది నన్నే పట్టుకుంటుందనుకోలేదు.

"ఈ కారు మిమ్మల్ని కాపాడుతుందిలే," అని ఆయనే డబ్బాని స్పీకర్లు వెనక అద్దం వైపు చూసేలా తిప్పాడు. పాట మళ్లీ పెట్టాం. నమ్మలేదు నేను. ఇంతసేపూ లేని అడుగు స్వరం నేలలోంచి వచ్చినట్టు వచ్చింది. మూలకి ఎదురుగా తిప్పితే మూల తోడవుతుందని ఆయన అనుభవం. మిగతాది నేను తర్వాత చదువుకున్నాను. 40 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. రెండు మీటర్ల కారు లోపల అలాంటి తరంగం నిలవడానికే చోటు లేదు. అప్పుడది అలలా ప్రయాణించదు. సైకిల్ పంపులో గాలిలా కారు మొత్తాన్ని ఒకేసారి నొక్కి వదులుతుంది. లెక్క ప్రకారం సుమారు 85 హెర్ట్జ్ కింద ఒక్కో ఆక్టేవ్‌కీ 12 డెసిబెల్స్ దాకా కారే కలుపుతుంది. కిటికీ సందులు, పల్చటి రేకులు కొంత తినేస్తాయి, అది వేరే. మూసిన డబ్బా కింది స్వరాల్లో కోల్పోయేది కూడా ఆక్టేవ్‌కి 12 డెసిబెల్సే. ఒకటి తీసుకుంటే ఇంకొకటి ఇస్తుంది. కారు ఎంత చిన్నదైతే ఈ సాయం అంత పైనుంచి మొదలవుతుంది. పైగా మామూలు సెడాన్‌లో డిక్కీకీ, మనుషులకీ మధ్య రేకూ సీటూ ఉంటాయి. ఇలాంటి స్పోర్ట్స్ కారులో ఏమీ ఉండవు. సబ్‌వూఫర్‌కి చోటు లేని కారే దానికి చక్కటి ఇల్లు. ఫిజిక్సు తెలియని రోజుల్లోనే కామరోల వెనక, కార్వెట్ల వెనక డబ్బాలు పెట్టుకున్న కుర్రాళ్లకి ఈ సంగతి ఒంటితో తెలుసు.

ఆ రోజు సాయంత్రం ఆయన తన సొంత కారు గురించి చెప్పాడు. 80ల నాటి కామరో, వెనక రెండు పదిహేనంగుళాలవి. పోలీసులు ఎన్నిసార్లు ఆపేవాళ్లంటే, రిజిస్ట్రేషన్ కాగితాన్ని గ్లవ్ బాక్స్‌లో పెట్టడం మానేసి, తలపైన ఎండ అడ్డుకి క్లిప్ పెట్టి ఉంచేవాడట. కాగితం అడిగినప్పుడు చెయ్యి కిందికి పోకుండా, వాళ్లకి కనపడేలా ఉంటుందని. ఈ మాట బేస్ గురించి చెప్పినంత మామూలుగానే చెప్పాడు.

ఆ డిసెంబర్‌లోనే ఫ్లారిడా సుప్రీంకోర్టు తీర్పొకటి వచ్చింది. కారులో పాట 25 అడుగుల దూరానికి స్పష్టంగా వినిపిస్తే జరిమానా వేసే రాష్ట్ర చట్టం చెల్లదంది. కేసు వేసింది మా పక్క కౌంటీలో జరిమానా పడ్డ ఒక లాయరు. కోర్టు పట్టుకున్న లొసుగు ఏంటంటే, ఆ చట్టంలో వ్యాపార ప్రచారానికీ, రాజకీయ ప్రచారానికీ వాడే బళ్లకి మినహాయింపు ఉంది. ఓట్లడిగే బండి ఎంతైనా అరవొచ్చు, పాట పెట్టుకున్నవాడు అరవకూడదు. అంటే చట్టం కొలుస్తున్నది శబ్దాన్ని కాదు, శబ్దంలో ఉన్న విషయాన్ని. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. సినిమా రిలీజుకి మైకు కట్టిన రిక్షా, ఎలక్షన్లకి జీపు, ఈ రెండూ మా ఊరి వీధిలో అరవడం నా చిన్నప్పటినుంచీ విన్నాను. వాటి మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యగా చూళ్లేదు. అదే పెళ్లి ఊరేగింపులో డీజే పెడితే, ఎవరి పెళ్లి అన్నదాన్ని బట్టి గొడవ జరగడం చూశాను.

మావాడు ఆ తీర్పు పట్టుకుని పండగ చేసుకున్నాడు. మెయింటెనెన్స్ ఆయనకి చెప్తే, "మంచిదే. ఆపినప్పుడు ఆ కాగితం చదివి వినిపించు," అన్నాడు.

వారం తిరక్కుండానే మా కారు వైపర్ కింద ఒక చీటీ దొరికింది. పై అంతస్తులో ఉండే నర్సు రాసింది. తనకి నైట్ డ్యూటీలనీ, పగలు పడుకుంటాననీ, మా కారు వచ్చినప్పుడల్లా తన మంచం ఒణుకుతోందనీ. తిట్లు లేవు. దయచేసి అని రెండుసార్లు ఉంది.

ఆ చీటీకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ. పోలీసు ఎవర్ని ఆపుతాడన్నది అన్యాయం. పక్కింటామె నిద్ర పోవడం కూడా అన్యాయమే. మొదటిది ఉంది కదా అని రెండోది లేకుండా పోదు. హాఫ్‌మన్ సూత్రంలో డబ్బా ఉంది, బేస్ ఉంది, పవర్ ఉంది. వినమని ఎవరూ అడగని మనిషి అందులో లేదు. ఎనిమిదిన్నర మీటర్ల తరంగానికి గోడ అడ్డం కాదని తెలిసి కూడా, డబ్బా లెక్కలో మేం ఆమెని ఎక్కడా వేసుకోలేదు. మావాడు చీటీ చదివి మాట్లాడకుండా వెళ్లి యాంప్లిఫయర్ గెయిన్ సగానికి తగ్గించాడు. కాంప్లెక్స్ గేటు దగ్గరే పాట ఆపేసేవాడు.

2013లో వాడికి డాలస్‌లో ఉద్యోగం వచ్చింది. కారు కొన్నవాడికి డబ్బా అక్కర్లేదన్నాడు. అడ్డకడ్డీ వెనక నుంచి దాన్ని మేమిద్దరం కిందికి దించుతుంటే కారు వెనక భాగం ఒక అంగుళం పైకి లేచింది. మెయింటెనెన్స్ ఆయన డబ్బా ఇచ్చెయ్యమన్నాడు. "మీకెందుకు సర్, చిన్నదైంది కదా," అన్నాను.

"ఒక స్పీకరుకి సరిపోద్ది," అన్నాడు. దాన్ని తన పికప్‌లో వేసుకుని, అద్దాలు ఎత్తేసి, నెమ్మదిగా వెళ్లిపోయాడు.